పచ్చరాయి క్రీము కొనే ముందు

పాపా,

నువ్వు పంపిన డబ్బా ఫొటోలు చూశాను. 'మాలకైట్ ఎక్స్‌ట్రాక్ట్, ఖనిజ యాంటీఆక్సిడెంట్' అని ముందువైపు అంత పెద్దగా అచ్చేసినవాళ్ళు, వెనకవైపు అక్షరాలు మాత్రం నా కళ్ళజోడుకు కూడా అందకుండా వేశారు. చదవాల్సింది ఆ వెనకవైపే.

మాలకైట్ అంటే రాగి ఉండే ఆకుపచ్చ రాయి. పూర్వం ఈజిప్టువాళ్ళు నూరి కళ్ళకు పూసుకునేవాళ్ళు. క్రీముల్లోకి రాగి ఎందుకొచ్చిందంటావా? ఎండ తగిలితే చర్మంలో ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని అణువులు పుట్టి, బిగువునిచ్చే కొల్లాజెన్‌ను పాడుచేస్తాయి. వీటిని అణిచేదాన్నే యాంటీఆక్సిడెంట్ అంటారు. ఈ రాడికల్స్‌లో సూపరాక్సైడ్ అనేదాన్ని అణిచే ఎంజైమ్ మన ఒంట్లోనే ఉంది. దాని పనేమిటో 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ బయటపెట్టారు. ఆ ఎంజైమ్ పనిచెయ్యాలంటే రాగి, జింకు కావాలి. కంపెనీలు చెప్పుకునేదంతా ఈ ముక్క పట్టుకునే. కానీ పైన పూసిన రాగి నేరుగా పోయి ఆ ఎంజైమ్‌లో చేరుతుందనుకోవద్దు. విడిగా ఉన్న రాగి తానే రాడికల్స్ పుట్టించగలదు కూడా.

ఈ సంగతి కెమిస్ట్రీ చెప్పిన నాకంటే చీనీ తోట చేసే మీ నాన్నకే బాగా తెలుసు. చెట్ల తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమానికి వంద లీటర్ల నీళ్ళకు కిలో మైలుతుత్తం (అందులో ఉండేది రాగే), కిలో సున్నం. ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వేరువేరుగా కలిపి, రెండూ ఒకచోట పోశాక ఇనుప కత్తి ముంచి చూస్తాడు. కత్తికి ఎర్రగా రాగి పట్టిందంటే విడి రాగి ఇంకా ఉన్నట్టు. అలాగే కొడితే ఆకు మాడిపోతుంది. అందుకే మరికాస్త సున్నం వేస్తాడు. రాగి ఉందా లేదా అన్నది కాదు, ఏ రూపంలో ఎంత ఉందన్నదే లెక్క.

క్రీములో కత్తి ముంచలేం కదా, లేబుల్ చూడు. ఎక్కువ ఉన్న పదార్థం ముందు, తక్కువది వెనక రాస్తారు. ఒక శాతానికి లోపువి మాత్రం ఎలాగైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అని నిల్వకు వేసే మందు ఉంటుంది, అది మామూలుగా ఒక శాతం దాటదు. మాలకైట్ దాని తర్వాత కనిపిస్తే పేరుకు వేసినట్టే. నీ డబ్బా మీద సెంటు పేరు కూడా దాటాక ఉంది! ఆ రాయి పేరు చూసి అంత రేటు పెట్టొద్దు.

ఇప్పటికే కొనేసి ఉంటే పారెయ్యనక్కర్లేదు. మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూడు. మంట, దద్దు లేకపోతే వాడుకో. నీ విటమిన్ సి సీరమ్‌తో కలిపి మాత్రం రాయొద్దు, రాగి తగిలితే విటమిన్ సి త్వరగా చెడిపోతుంది. అది పొద్దున, ఇది రాత్రి. ఎవరో వీడియోలో చెప్పారని రాయి తెప్పించి నూరే పని అసలే పెట్టుకోకు. ఆ పొడి లోపలికి పోతే విషం.

ఇంకోటి, యాంటీఆక్సిడెంట్ ఏదైనా సన్‌స్క్రీన్‌కు బదులు కాదు. అనంతపురం ఎండలో స్కూటీ మీద తిరిగేదానివి, డబ్బులు ఒక్కదానికే ఉంటే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీనే కొను. ఖనిజమే కావాలంటే అందులో జింక్ ఆక్సైడ్ ఉంది, దాని పని రుజువైంది. ముఖం తెల్లగా సున్నం కొట్టినట్టుందని నీకు చిరాకు కాబట్టి లేత రంగు కలిపినది అడుగు. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, నీ మంగుకు కూడా మంచిదే.

మీ అత్త