ఎయిర్ పిస్టల్ పెల్లెట్లు పైకీ కిందికీ పడుతుంటే

సైట్ (గురి చూసే భాగం) తప్పు కాదు, ఇక దాన్ని తిప్పకండి. సైట్ తేడా అయితే అన్నీ గుంపుగా ఒకే పక్కకు పోతాయి. మీకు 10 మీటర్లలో, బల్ల మీద ఆనించి కొట్టినా ఒకటి పైన, ఒకటి కింద పడుతోందంటే పెల్లెట్ వేగం మారుతోంది. ముందు అనుమానించాల్సింది బ్రీచ్‌ని, అంటే బ్యారెల్ వెనక పెల్లెట్ పెట్టే చోటుని.

1. పెల్లెట్‌ను బొటనవేలి మెత్తతో బ్యారెల్ అంచుకు సమంగా దిగేదాకా నొక్కండి. చాలామంది వదిలేసేది ఇదే. వెనక అంచు వెంట్రుకవాసి బయటున్నా, మూసేటప్పుడు వంగిపోతుంది, గాలి లీకవకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌నూ కోస్తుంది. గోరు వాడొద్దు, సీసం మెత్తన, సొట్టపడుతుంది.

2. ఇలా పది కొట్టినా అంతేనా? బ్రీచ్ అతుకు మీద సన్నటి టిష్యూ ముక్క పెట్టి, పెల్లెట్ వేసి, టార్గెట్ వైపే కాల్చండి. కాగితం ఎగిరితే ఓ-రింగ్ మార్చాలి. కొత్తదానికి సిలికాన్ గ్రీజు పలచటి పూతంత చాలు. మామూలు నూనె వద్దేవద్దు, అంత ఒత్తిడిలో అంటుకుంటుంది.

3. పిస్టల్ గాలి సిలిండర్‌ను స్కూటర్ డిక్కీలో ఉంచకండి. మన తిరుపతి ఎండకి, 30 డిగ్రీల్లో నింపిన 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) 60 డిగ్రీలకు చేరితే 220 దాకా పోతుంది.

పెల్లెట్ డబ్బా మీద 4.49, 4.50 అని మిల్లీమీటర్లలో సైజు ఉంటుంది. రెండూ కలపకుండా, ఐదేసి విడివిడిగా కొట్టి చూడండి.