కబ్స్‌లో సీటు దొరకట్లేదా? ఇలా చేసి చూడండి

ఎనిమిదేళ్ల బాబు పేరు కబ్స్ (స్కౌట్స్ సంస్థలో చిన్నపిల్లల విభాగం) వెయిటింగ్ లిస్టులో పెట్టి ఆరు నెలలైనా పిలుపు రాలేదనీ, వాడు శాకాహారి కాబట్టి క్యాంపు అంటే భయంగా ఉందనీ రాశారు కదండీ. ఇంగ్లండులో మాదీ అదే కథ.

సీట్లు లేకపోవడానికి కారణం చాలాసార్లు పిల్లలు ఎక్కువవడం కాదు, నడిపే పెద్దవాళ్లు తక్కువవడం. అంతా వాలంటీర్లే. అందుకే "మా వాడి నంబరు ఎంత?" అని కాకుండా "రెండు వారాలకోసారి సాయంత్రం వచ్చి సాయం చేస్తాను" అని రాయండి. డీబీఎస్ చెక్ (నేరచరిత్ర ఏమైనా ఉందా అని చూసే తనిఖీ), కాస్త ట్రైనింగ్ ఉంటాయి, అంతే. మా ఆయన అలా రాశాక మూడు వారాల్లో పిలిచారు. చుట్టుపక్కల ఇంకో రెండు గ్రూపులనూ అడగండి, ఊరు దాటినా ఫర్వాలేదు. ఆలస్యం మాత్రం చేయకండి, పదిన్నరేళ్లకు కబ్స్ అయిపోయి, పెద్దపిల్లల విభాగమైన స్కౌట్స్‌లోకి వెళ్లిపోతారు.

తిండి సంగతి ఫారంలోనే రాయండి, లీడర్‌కి నోటితోనూ చెప్పండి. సాసేజ్‌లు అందరికీ గుర్తుంటాయి, మంట మీద పుల్లకు గుచ్చి కాల్చుకునే మార్ష్‌మాలో మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందని ఎవరికీ గుర్తుండదు! మా అమ్మాయి మంట ముందు పుల్ల పట్టుకుని ఊరికే కూర్చుంది పాపం. అప్పట్నుంచి వెజిటేరియన్ ప్యాకెట్ మేమే బ్యాగులో పెడుతున్నాం.

కబ్స్‌లో చేరేటప్పుడు పిల్లలు చేసే ప్రమాణంలో దేవుడి మాట గురించి కూడా అడిగారు. వేర్వేరు మతాలకూ, ఏ మతం లేనివాళ్లకూ విడివిడి పాఠాలున్నాయి, దిగులు వద్దు. యూనిఫాం ఇప్పుడే కొనకండి. ముందు నాలుగు వారాలు వెళ్లి చూడనివ్వండి.