పెద్ద ఫైబ్రాయిడ్ ఉంటే గర్భసంచి తీయాల్సిందేనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది కర్నూలు జిల్లా ఆదోని. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. నెలసరి ఎనిమిది రోజులు ఉంటోంది, రక్తం గడ్డలుగా పోతోంది. స్కానింగ్‌లో గర్భసంచిలో 9 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉందన్నారు. హిమోగ్లోబిన్ 7.6. గర్భసంచి తీసేయాలని డాక్టర్ చెప్పారు. వేరే దారి లేదా?

జవాబు: ఉంది. గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్‌ను మయోమెక్టమీ అంటారు. పిల్లలు కావాలనుకునే మీ వయసువారికి ముందుగా ఆలోచించాల్సింది దాని గురించే. గర్భసంచి తీసేయడమన్నది మన వైపు మరీ తేలిక మాటైపోయింది.

గడ్డ ఎంతుందన్న దానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. లోపలి పొరను నొక్కే గడ్డ చిన్నదైనా రక్తస్రావాన్ని పెంచుతుంది, గర్భం నిలవడానికి అడ్డుపడుతుంది. బయటి వైపు పెరిగినది పెద్దదైనా అంత ఇబ్బంది పెట్టకపోవచ్చు. ఎంఆర్‌ఐ తీస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది.

అంతకంటే ముందు రక్తం తక్కువగా ఉన్న సంగతి చూడాలి. రాగి సంగటి, వేరుశనగ తినండి, వద్దనను. కానీ నెలనెలా ఇంత రక్తం పోతుంటే తిండితోనే ఆ లోటు తీరదు. నరం ద్వారా ఐరన్ ఎక్కించుకుంటే కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఈలోగా రక్తస్రావం తగ్గడానికి మందులిస్తారు. కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆపరేషన్‌లో గర్భసంచి గోడను కోసి, కొబ్బరి ముక్కలా తెల్లగా, గట్టిగా ఉండే గడ్డను దాని పొర నుంచి విడదీస్తారు. అసలు పని ఆ తర్వాతే. ఆ లోతైన ఖాళీని పొరలు పొరలుగా కుట్టాలి. రేపు బిడ్డ బరువు మోయాల్సింది ఆ కుట్లే. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీలో అలా కుట్టగల అనుభవం సర్జన్‌కు ఉంటే సరే, లేకుంటే పొట్ట కోసి చేయించుకోవడమే నయం. రక్తం సిద్ధంగా ఉంచుకోవాలి. రక్తస్రావం ఎంతకీ ఆగకపోతే, చాలా అరుదుగా, గర్భసంచి తీయాల్సి రావచ్చు. సంతకం పెట్టే ముందు ఇది అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్ అయ్యాక గర్భం కోసం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు. కోత లోతుగా ఉంటే కాన్పు సిజేరియనే కావచ్చు, కాబట్టి డిశ్చార్జి కాగితాలు పారేయకండి. గడ్డలు మళ్లీ వచ్చే అవకాశం ఉంది గనుక ఆ తర్వాత ఏళ్లతరబడి వాయిదా వేయవద్దు.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో స్త్రీల వ్యాధుల విభాగం ఉంది. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడ ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగండి. వెళ్లేటప్పుడు మీవారిని కూడా తీసుకెళ్లండి. వీర్య పరీక్ష చేయించకుండా నెపమంతా గడ్డ మీదకు నెట్టడం సరికాదు.