అసాకుసాలో పాతదనం కనిపించలేదంటే: ఒక పూటలో ఎటు వెళ్లాలి?

టోక్యోలోని అసాకుసా పేటకు వెళ్తే అంతా కాంక్రీటే కనిపించిందని, ఇంకో పూట మాత్రమే ఉందని, పాత టోక్యో ఎక్కడుందని అడిగారు కదా. మీ కంటికి తోచింది నిజమే. అక్కడి బౌద్ధాలయం సెన్సోజీ ప్రధానాలయం 1945 మార్చి 10 నాటి బాంబు దాడిలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1958లో కట్టింది. ఎర్ర లాంతరు వేలాడే కామినారిమోన్ ద్వారం 1960 నాటిది. ఆలయానికి తూర్పున ఉన్న నితెన్‌మోన్ ద్వారం మాత్రం 17వ శతాబ్దపు అసలు కట్టడం. జనం దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు, మీరు తప్పక ఆగండి.

మీకున్న ఆ ఒక్క పూటను యనకా అనే పేటకు ఇవ్వండి. అసాకుసాలాగే అదీ టోక్యోలోని తైతో వార్డులోదే. 1947లో అసాకుసా, షితయా వార్డులను కలిపి తైతోను ఏర్పాటు చేశారు. 1657 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత ఎన్నో ఆలయాలు యనకాకు తరలివచ్చాయి. 1923 భూకంపం, యుద్ధకాలపు బాంబులు రెండింటి నుంచీ ఈ పేట చాలావరకు బయటపడింది. అందుకే సందులు ఇంకా ఇరుకుగా, వంకరటింకరగా ఉన్నాయి.

నిప్పోరి స్టేషన్‌లో పడమటి వైపు దిగి శ్మశానవాటిక మీదుగా నడవండి. జపాన్‌ను ఏలిన సైనిక పాలకుల్లో చివరివాడైన షోగన్ తొకుగావా యోషినోబు సమాధి అక్కడే ఉంది. 1957లో తగలబడిన ఐదంతస్తుల గోపురం పునాదిరాళ్లు చెట్ల మధ్య అలాగే మిగిలాయి. నాకైతే కొత్త రంగులు వేసిన ద్వారాలకన్నా ఆ ఖాళీ రాళ్లే ఎక్కువ చెబుతాయి. సాయంత్రానికి యూయాకే దందన్ మెట్లు చేరుకోండి, కింద యనకా గింజా అంగళ్ల వీధి కనిపిస్తుంది. ఆ మెట్లు సూర్యాస్తమయ దృశ్యానికి పేరుపొందాయి.