శరద్విషువత్తుకు మన ఆచారంలో ఏమైనా విశేషం ఉందా?

"సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానమంటారు కదా, ఆ రోజు ధ్యానం చేస్తే విశ్వశక్తి వస్తుందని వీడియోల్లో చెబుతున్నారు, మన పెద్దలు ఆ రోజు ఏం చేసేవారు?" అని అడిగారు.

మా కోనసీమలో ఆ తేదీకంటూ ప్రత్యేకంగా ఏమీ చెయ్యరండి. మా అమ్మని అడిగితే "విషువత్తా? అదేం తిథిరా?" అంది. విశ్వశక్తి మాట నేను నమ్మను. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖ మీద నడినెత్తిన ఉంటాడు, మర్నాటి నుంచి దక్షిణానికి జరుగుతాడు. ధ్యానం ఏ రోజు చేసుకున్నా మంచిదే. దానికి వీడియో వాళ్ళ ముహూర్తం అక్కర్లేదు.

కానీ మనవాళ్ళు ఆ రోజుల్ని ఉత్తినే వదిలెయ్యలేదు. పోయినవాళ్ళని తలుచుకోడానికి పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు తలకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది ముక్తేశ్వరం వైపు, గౌతమి ఏటిగట్టు పక్కన ఊరు. భాద్రపద బహుళంలో, అంటే మహాలయ పక్షంలో, నాన్నగారు ఒక రోజు తర్పణాలు వదిలి, అమావాస్యనాడు స్వయంపాకం ఇచ్చేవారు. బియ్యం, పెసరపప్పు, కంద, అరటికాయలు, గుమ్మడికాయ, నెయ్యి అన్నీ చేటలో సర్ది పెట్టడం నా పని. తర్పణాల రోజు మధ్యాహ్నం దాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. వంటింట్లోంచి గారెల వాసన వస్తూ ఉంటుంది, కడుపులో ఎలకలు పరిగెడుతూ ఉంటాయి. "కుతపకాలం రావాలిరా" అనేవారు నాన్నగారు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది. పన్నెండింటి దాకా ఆగడానికి ఒక పేరు కనిపెట్టారనుకునేవాణ్ణి.

తర్పణాల్లో తల్లిదండ్రుల వైపు మూడు తరాలతో సరిపెట్టేవారు కాదు. మహాలయంలో గురువులు, స్నేహితులు, పిల్లలు లేకుండా పోయినవాళ్ళు, అందరికీ నీళ్ళు వదలొచ్చు. ఆయన చివర్లో కాటన్ దొర పేరు కూడా చెప్పేవారు. 1852లో ఆ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే మా కాలువల్లో నీళ్ళు పారాయి. అన్నం పెట్టినవాడూ పితృదేవతే అన్నది నాన్నగారి లెక్క.

ఇక నా సంగతి. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఏటా సెప్టెంబరు 23 దగ్గర పిల్లల చేత ఒక పని చేయించేవాణ్ణి. మీటరు పొడవు కర్రని నేలలో నిటారుగా పాతి, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా గంటకోసారి నీడ చివర ఒక గులకరాయి పెట్టమనేవాణ్ణి. మామూలు రోజుల్లో ఆ రాళ్ళన్నీ కలిపితే వంపు తిరిగిన గీత వస్తుంది. విషువత్తునాడు మాత్రం సూటిగా పడమర నుంచి తూర్పుకి వస్తుంది. పిల్లలకి తాడు ఇచ్చి పట్టుకోమంటే రాళ్ళన్నీ తాడు వెంబడే ఉండేవి. మా అక్షాంశం సుమారు పదహారున్నర డిగ్రీలు కాబట్టి, ఆ రోజు పొట్టి నీడ ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర తేలేది. అది కూడా సరిగ్గా పన్నెండింటికి కాదు, 11:54కి.

ఒక ఏడు ఒక కుర్రాడు కేలండర్ తెచ్చి "మాస్టారూ, సూర్యోదయం 5:51, అస్తమయం 5:58 అని ఉందండి, ఏడు నిమిషాలు ఎక్కువొచ్చిందండి" అన్నాడు. ఆయ్, వాడి మాట నిజమే. గాలి వెలుతురుని వంచుతుంది, పైగా సూర్యబింబం అంచు కనబడగానే ఉదయం అంటాం, అంచు మునిగేదాకా అస్తమయం అనం. అందుకని మా వైపు పగలూ రాత్రీ నిజంగా సమానమయ్యేది ఇంకో వారానికి, నెలాఖరులో. వీడియోలో ఆ క్షణానికి గంట కొట్టేవాళ్ళకి ఈ కుర్రాణ్ణి పంపాలి.

నాన్నగారు పోయాక, ఒక మహాలయానికి మా పురోహితులు గారు ఇంటికి వచ్చి పెరట్లో నేను పాతిన కర్ర చూశారు. "పన్నెండు అంగుళాల శంకువు, అంటే నిటారు పుల్ల, పెట్టండి మాస్టారూ, విషువత్తునాడు మధ్యాహ్నం మూడున్నర అంగుళాల నీడ వస్తుంది. దాన్నే పలభ అంటారు, పంచాంగం కట్టేవాళ్ళకి ప్రతి ఊరికీ ముందు కావలసింది అదే" అన్నారు. నేను కాయితం మీద లెక్క వేసుకున్నాను, సరిపోయింది. మీటరు కర్రకి ముప్ఫై సెంటీమీటర్లూ అదే లెక్క. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన పాఠానికి మా పెరట్లోనే ఒక పాత పేరుందని నాకు అంతవరకూ తెలీదు.

కుతపకాలం గురించీ అప్పుడే అడిగాను. పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది కుతపం. అంటే నడిమధ్యది. నీడ పొట్టిదై, అటు తిరిగే వేళ. పగలు పొడుగైతే పగటి ముహూర్తం పెరుగుతుంది, రాత్రిది తగ్గుతుంది. విషువత్తు దగ్గర మాత్రం రెండూ సుమారు 48 నిమిషాలు. చిన్నప్పుడు నన్ను ఆకలితో కూర్చోబెట్టిన వేళా, బళ్ళో నేను పిల్లల్ని గులకరాళ్ళతో కూర్చోబెట్టిన వేళా ఒకటేనన్నమాట. ఆ రోజు కాసేపు మాట రాలేదండి నాకు.

"మరి పంచాంగంలో సెప్టెంబరులో విషువత్తు ఎందుకు లేదు?" అన్నాను. విషు పుణ్యకాలం ఉందన్నారు పురోహితులు గారు, అయితే అక్టోబరు 17 ప్రాంతంలో, తులా సంక్రమణానికి. కూర్గులో తలకావేరి దగ్గర తీర్థోద్భవం అంటూ జనం పోగయ్యేది ఆ సంక్రమణానికే. మన పంచాంగం రాశుల్ని నక్షత్రాల్ని బట్టి లెక్కపెడుతుంది. విషువత్తు బిందువేమో సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతూ, ఇప్పటికి 24 డిగ్రీలు పక్కకొచ్చింది. దాన్నే అయనాంశ అంటారు. అందుకే ఆకాశంలో జరిగేది సెప్టెంబరులో, పుణ్యకాలం అక్టోబరులో. స్నానదానాలు చెయ్యాలనుకుంటే మీ ఇంటి పంచాంగం ప్రకారం చేసుకోండి. ఏది అసలు విషువు అన్న గొడవలో మటుకు దిగకండి, ఒక పెళ్ళిభోజనంలో నేను దిగి వడ్డన మిస్సయ్యాను.

మహాలయం చంద్రుణ్ణి బట్టి వస్తుంది కనుక విషువత్తుకి అతుక్కుని ఉండదు. 2023లో అమావాస్య అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న వచ్చింది. 2025లో మాత్రం చక్కగా కుదిరింది. అమావాస్య సెప్టెంబరు 21, మర్నాడు శరన్నవరాత్రుల మొదలు, ఆ రాత్రి 11:49కి విషువత్తు.

సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో ఒక మాట ఉంది. మేరువు, అంటే ఉత్తర ధ్రువం, మీద దేవతలకి సూర్యుడు మేషంలో ఉదయిస్తాడు, తులలో అస్తమిస్తాడు. అంటే శరద్విషువత్తు వాళ్ళకి సాయంసంధ్య. ఇంట్లో దీపం పెట్టే వేళ లాంటిదన్నమాట. దేవీభాగవతం ఇంకో వైపు నుంచి చెబుతుంది. వసంతం, శరత్తు ఈ రెండు రుతువులూ యమదంష్ట్రలు, రోగాలు తెచ్చేవి, కనుక ఆ రెండింట్లోనూ చండికను పూజించమంది. వసంత నవరాత్రులూ శరన్నవరాత్రులూ రెండు విషువత్తుల దగ్గర్లోనే ఎందుకు పడ్డాయో దాంతో తెలుస్తుంది. డెల్టాలో పుట్టినవాడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. వరద తీసిన లంకల్లో బురద, గుంటల్లో నిలవనీరు, దోమలు. చిన్నప్పుడు మా వీధిలో జ్వరం లేని ఇల్లు సెప్టెంబరులో ఉండేది కాదు. నాకు మలేరియా వచ్చిందీ ఆ నెల్లోనే.

మా అన్నయ్య కొడుకు జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సరిగ్గా విషువత్తు రోజు వాళ్ళకి సెలవట. హిగాన్ అని, విషువత్తుకి అటు మూడు రోజులూ ఇటు మూడు రోజులూ కలిపి వారం పాటు బౌద్ధులు పెద్దల సమాధులు కడిగి, పూలు పెట్టి, చిక్కుడు జాతి గింజల ముద్దతో అన్నపు ఉండలు చేసి పెడతారు. సూర్యుడు సూటిగా పడమట దిగే రోజు కనుక పడమటి సుఖలోకాన్ని తలుచుకుంటారు. ఫోన్లో వాడు చెబుతుంటే మా అమ్మ "అయితే వాళ్ళకీ మహాలయమేనన్నమాట" అని తేల్చేసింది.

మీరు ఏదైనా చెయ్యాలనుకుంటే, నేను చేసేదే చెబుతాను. పెద్దల తిథి తెలిస్తే ఆ తిథికి, తెలియకపోతే అమావాస్యకి నీళ్ళు వదలండి. పిఠాపురం పాదగయ వెళ్ళగలిగితే సరే, లేకపోతే మీ ఊరి రేవు చాలు. విషువత్తు సాయంత్రం ఎక్కడైనా తూర్పు పడమరలుగా ఉన్న రోడ్డో కాలవో చూసుకుని నిలబడండి. మా ఊరి పంటకాలవ అరమైలు మేర అలా సూటిగా ఉంటుంది. 2025లో మనవణ్ణి తీసుకుని వంతెన మీదికెళ్ళాను. ఎర్రనీళ్ళు అప్పుడప్పుడే తేరుకుంటున్నాయి, గట్టున రెల్లు పూసింది. సూర్యుడు సరిగ్గా కాలవ చివర నీళ్ళలోకే దిగాడు. వాడు "తాతయ్యా, రేపు కూడా ఇక్కడే మునుగుతాడా?" అన్నాడు. కొంచెం ఎడమకి, ఆ కొబ్బరిచెట్టు వైపు జరుగుతాడన్నాను. మర్నాడు సాయంత్రం నన్ను మళ్ళీ లాక్కెళ్ళాడు, నిజంగా జరిగాడో లేదో చూడ్డానికి.