స్పానిష్‌లో నిన్నటి సంగతి చెప్పాలంటే

మాడ్రిడ్ వచ్చే మనవాళ్ళు తరచుగా అడుగుతుంటారు, వెర్బ్ టేబుల్స్ అన్నీ బట్టీ పట్టాలా అని. అక్కర్లేదు. కానీ భూతకాలంలో మామూలు పద్ధతి తప్పి మారే కొన్ని క్రియలు మాత్రం మొదటి నెలలోనే నోటికి రావాలి. డాక్టర్ దగ్గరైనా, బ్యాంకులోనైనా, ఇంటి ఓనరుతోనైనా మనం చెప్పుకునేది చాలావరకు జరిగిపోయిన సంగతే కదా.

నేను వచ్చిన కొత్తలో ఒకరోజు మా బాబుకి రాత్రంతా జ్వరం. పొద్దున్నే హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడింది. నర్సుతో "త్యేనె ఫ్యేబ్రె" అన్నాను, అంటే ఇప్పుడు జ్వరం ఉందని. థర్మామీటర్ పెట్టి చూసింది, లేదు. మళ్ళీ అదే అన్నాను, మళ్ళీ పెట్టింది. వాడు ఏడుపు, నాకు టెన్షన్. నేను చెప్పాల్సింది "అనోచె తూబొ ఫ్యేబ్రె", రాత్రి జ్వరం వచ్చిందని. ఆ "తూబొ" నాకు తెలియలేదు.

"తెనేర్" (కలిగి ఉండటం) కాస్తా నేను అన్నప్పుడు "తూబె" ఎలా అయిందని తల పట్టుకోకండి. మన "రా", "వచ్చాను" ఎలా అయింది? విని పట్టుకున్నాం, అంతే. అలాగే ఎస్తార్‌కి (ఉండటం) ఎస్తూబె, పొదేర్‌కి (చేయగలగడం) పూదె, పొనేర్‌కి (పెట్టడం) పూసె, అథేర్‌కి (చేయడం) ఈథె, బెనీర్‌కి (రావడం) బీనె. మొదలు మారినా చివరలు వీటన్నిటికీ ఒకటే: నేనైతే "ఎ", అతనైనా ఆమైనా "ఒ". వచ్చాను, వచ్చాడు అన్నట్టే, "నేను" అని విడిగా చెప్పక్కర్లేదు. ఒత్తి పలకడంలో మాత్రం జాగ్రత్త. మామూలు క్రియలకు ఒత్తు చివర పడుతుంది, అబ్లే (మాట్లాడాను), అబ్లో (మాట్లాడాడు) అని. వీటికి చివరి అక్షరానికి ముందు పడుతుంది. తూబె అనాలి, తుబే కాదు.

"ఫుయ్" మాత్రం విడిగా నేర్చుకోండి. "వెళ్ళాను"కీ అదే, "అప్పట్లో నేను ఫలానాగా ఉన్నాను"కీ అదే. "ఫుయ్ అల్ బాంకొ" అంటే బ్యాంకుకి వెళ్ళాను. "ఫుయ్ ప్రొఫెసోర్" అంటే ఒకప్పుడు టీచరుగా పనిచేశాను.

ఇంకొకటి. మెక్సికో స్పానిష్ నేర్చుకుని వచ్చినవాళ్ళు ఈరోజు సంగతికీ "ఫుయ్" అంటారు. అర్థమవుతుంది, తప్పేం లేదు. మాడ్రిడ్‌లో మాత్రం ఈరోజుకి "ఓయ్ ఎ ఇదొ", నిన్నటికి "అయేర్ ఫుయ్".

రాత్రి అన్నాల దగ్గర "అయేర్" అని మొదలుపెట్టి, నిన్న చేసిన మూడు పనులు ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఆ రోజు బయట ఏ మాట అందక ఆగిపోయారో రాసిపెట్టుకుని, మర్నాడు దాంతోనే మొదలుపెట్టండి.