గడపను తిరగేస్తే

తమ్ముడూ,

రేడియో కోసమని నువ్వు రాసి పంపిన పన్నెండు పొడుపుల్లో ఆరోదాని దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. "ఐదక్షరాల మాట, మూడో అక్షరానికి ఒత్తు తీసి, చివరి దీర్ఘం కుదిస్తే ఒక నది" అని రాశావు. కాగితం మీద బాగానే ఉంటుంది. రేడియోలో ఎవరికి? వినేవాళ్ళలో ఒకావిడ పొయ్యి దగ్గర ఉంటుంది, ఒకాయన లారీ నడుపుతుంటాడు, వాళ్ళ చేతిలో పెన్సిల్ ఎక్కడిది? గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్)లోంచి గళ్ళు తీసేసి చదివినంత మాత్రాన అది రేడియో పొడుపు కాదు.

మన పొడుపు కథలు పుట్టిందే నోట్లో. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." ఒక్కసారి వింటే చాలు, జవాబు కనురెప్పలు అని తట్టేదాకా నాలుక మీద తిరుగుతూనే ఉంటుంది. తెనాలి రామకృష్ణుడి పేరుతో చెప్పుకునే "కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" కూడా అంతే. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందని చెవిన పడగానే మనిషి చేస్తున్న పని ఆపేస్తాడు. ఆకాశవాణిలో, ఇచ్చిన ఒక పాదం మీద పద్యం అల్లే సమస్యాపూరణం నిలబడిందంటే, ఆ ఒక్క పాదాన్ని రాసుకోకుండానే గుర్తుపెట్టుకోగలం కాబట్టి.

పైగా మనకు అక్షరమంటే నోటితో పలికే ముక్క. ఇంగ్లీషు స్పెల్లింగు తిరగేయాలంటే కాగితం కావాలి. మనం ప-ల-క అని మూడు వేళ్ళు ముడిచి, వెనక్కి విప్పుకుంటూ వస్తే కలప. కానీ చెవికి వినపడేదే లెక్క. "కిటికి"ని తిరగేసినా కిటికి అన్నావు. జనం పలికేది కిటికీ, తిరగేస్తే కీటికి అవుతుంది. మడమ, జలజ, కునుకు చెప్పు, పేచీ ఉండదు.

మొదట్లో ఒక కేంద్రానికి ఇచ్చిన స్క్రిప్టులో ప్రతి పొడుపు తర్వాత "ఇరవై సెకన్లు నిశ్శబ్దం" అని రాశాను. అక్కడి అధికారి దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి సినిమా పాట ముక్క పెట్టించాడు. పాట మొదలయ్యాక ఎవరు ఆలోచిస్తారు? ఏడాది పోట్లాడితే తంబురా శ్రుతి ఒక్కటే వేయడానికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత బీడీలు చుట్టే ఒకావిడ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. చేతులు ఖాళీ లేకపోయినా పదిమందీ పొద్దంతా వాదులాడుకుని జవాబు తేల్చామని రాసింది. ఆ జవాబు తప్పు. కార్డు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇప్పటి ఎఫ్‌ఎంలలో ప్రశ్న అడిగిన ఊపిరిలోనే జవాబు చెప్పేస్తుంటే నాకు మింగుడు పడదు.

పారితోషికం సంగతి అడిగావు, అది తర్వాత.

నీ తొమ్మిదోది, "ఇంటి ముందు పసుపు పూసుకుని ఉంటుంది, తిరగేస్తే పాము విప్పుతుంది", చదవగానే లేచి వెళ్ళి బట్టలు మడతపెడుతున్న మా అబ్బాయికి చదివి వినిపించాను. చొక్కా మడత పూర్తయ్యేలోపు "గడప, పడగ" అన్నాడు. మిగతావి కూడా అలా ఎవరికైనా పైకి చదువు. ఏమన్నావు, మళ్ళీ చెప్పు అన్నారంటే అది చించేసి, కొత్తది రాసి పంపు.